మందుకు లొంగని టీబీకి ఆరు నెలల కోర్సు: అరికాళ్ల మంటలకు మీరేం చేశారు?

మాది అనంతపురం దగ్గర పల్లె. మా చిన్నాయన లారీ డ్రైవరు. హెచ్‌ఐవీకి 8 ఏళ్లుగా ఏఆర్‌టీ మాత్రలు వాడుతున్నాడు. సంక్రాంతి నుంచి దగ్గు, సాయంత్రమైతే జ్వరం. ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్‌తోనే రెండు నెలలు గడిచిపోయాయి. చివరికి కళ్లె పరీక్షలో, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ అని తేలింది. ముందెప్పుడూ టీబీ మందు మింగని మనిషికి ఇదెలా వచ్చిందని నేను అడిగితే, మొండి క్రిమి ఉన్నవాళ్లు దగ్గినప్పుడు గాలి ద్వారా నేరుగా కూడా అంటుకుంటుందన్నారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో జబ్బు తొందరగా ముదురుతుందట.

ఇప్పుడు బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ వాడుతున్నాడు. మూడో నెల. దగ్గు తగ్గింది గానీ అరికాళ్లు ఒకటే మంట, రాత్రిళ్లు నిద్ర లేదు. "ఆ మాత్ర ఒక్కటీ మానేస్తా పోరా" అంటాడు. లైనెజోలిడ్‌తో నరాలు దెబ్బతినొచ్చని, రక్తం తగ్గొచ్చని తెలుసు. సొంతంగా మానితే ఉన్న మందులూ పనిచేయకుండా పోతాయని నా టెన్షన్. సోమవారం ఆస్పత్రికి తీసుకుపోతున్నా.

ఈ కోర్సు పూర్తి చేసినవాళ్లు ఉంటే చెప్పండి. మీకు డోసు తగ్గించారా, మంటలు ఎన్నాళ్లకు పోయాయి? డాక్టరును ఇంకేం అడగాలి? ఏఆర్‌టీలో ఎఫావిరెంజ్ ఉంటే బెడాక్విలిన్ బలం తగ్గుతుందట, ఈయనది డోలుటెగ్రావిర్ మాత్ర కాబట్టి ఆ బెంగ లేదు.

ఇంకొకటి. ఇంట్లో 4 ఏళ్ల పాప ఉంది. పాపకు ఏ పరీక్షలు చేయించారు మీరు? మా పిన్ని కంచం, చెంబు వేరు పెట్టింది గానీ కిటికీ మాత్రం తెరవదు! ఊళ్లో టీబీ సంగతే తెలుసు, రెండోది తెలియదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.