ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల సంగీతం క్లాసులో హిప్ హాప్ పెట్టొచ్చా?

బీట్‌మాస్టారు:
సంగీతం టీచర్‌ని. నా క్లాసులో ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం), డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలు ఉన్నారు. ఈ ఏడాది నోటేషన్ (స్వరాలను గుర్తుల్లో రాసి చదవడం) పక్కన పెట్టి, బీట్ లూప్ (తిరిగి తిరిగి మోగే ఒకే బీట్ ముక్క) మీద ర్యాప్ రాయించడంతో మొదలుపెట్టాను. తోటి టీచర్లు "ఇదేం సంగీతం?" అంటున్నారు. మీరేమంటారు?

సరిగమ:
వాళ్లన్నది నిజమే. లయకి తగ్గట్టు మాట్లాడటం సంగీతం ఎలా అవుతుంది? స్వరం ఏది?

ఊరికేవచ్చా:
మొదలైంది 🍿

బీట్‌మాస్టారు:
సరిగమ గారూ, హిప్ హాప్ పుట్టుకే చూడండి. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పాటలో అందరూ ఎగిరే డ్రమ్స్ ముక్కనే సాగదీశాడు. తర్వాత ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి అదే ముక్కను మళ్లీ మళ్లీ వినిపించాడు. ఆ తిరిగి రావడమే నా పిల్లలకి కావాల్సింది. తర్వాత ఏం వస్తుందో ముందే తెలిస్తే ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది. ఇక ఏడీహెచ్‌డీ పిల్లలకి పని చిన్నదిగా, పూర్తయ్యేదిగా ఉండాలి. నిమిషానికి 90 బీట్ల వేగంలో 16 బార్ల వెర్స్ (బార్‌కి నాలుగు బీట్లు) దాదాపు 43 సెకన్లలో అయిపోతుంది. ఒక మొత్తం పని చేశామన్న తృప్తి ఉంటుంది.

సరిగమ:
తిరిగి రావడమే కావాలంటే టిక్ టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్ చాలు.

ఊరికేవచ్చా:
మెట్రోనోమ్‌కి ఎవరైనా డాన్స్ చేశారా సార్?

సరిగమ:
సార్ కాదు, మేడమ్.

హెడ్‌ఫోన్:
నేను ఆటిస్టిక్. లూప్ గురించి మాస్టారు చెప్పింది నా విషయంలో నిజం. కానీ ఆటిస్టిక్ పిల్లలందరూ ఒకటి కాదు. గట్టి బేస్ కొందరికి హాయి, కొందరికి నరకం. వాల్యూమ్ ఎవరి చేతిలో ఉంది? ఇంకోటి, సైఫర్. గుండ్రంగా నిలబెట్టి "ఇప్పుడు నీ వంతు, అప్పటికప్పుడు ర్యాప్ చెయ్" అంటే నా గొంతు పెగిలేది కాదు. బీట్ తయారుచేయమంటే మాత్రం గంటలు కూర్చుంటా. అదీ హిప్ హాపే. స్టేజీ ఎక్కకుండా సంగీతం చేసే దారి అందులో ఉంది.

బీట్‌మాస్టారు:
సైఫర్‌లో "పాస్" అనే హక్కు ఇస్తాను. డిస్లెక్సియా మాట కూడా చెప్తాను. లయను పట్టుకోవడానికీ, మాటల్లోని శబ్దాలను విడదీసి వినడానికీ సంబంధం ఉందని కేంబ్రిడ్జ్‌లో ఉషా గోస్వామి ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. ర్యాప్ చేస్తే చదవడం వచ్చేస్తుందని నేను అనట్లేదు.

సరిగమ:
అంటే ఇది వైద్యమా, సంగీతమా? మెట్రోనోమ్‌కి జవాబు ఇంకా రాలేదు.

బీట్‌మాస్టారు:
మీలాంటి టీచర్ల వల్లే పిల్లలు సంగీతం మానేస్తున్నారు మేడమ్.

సరిగమ:
నాలాంటి వాళ్లా? సరే, వినండి. నేను టీచర్‌ని కాదు, తల్లిని. మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ. వయోలిన్ అంటే ప్రాణం. కుదురుగా కూర్చోడని స్కూలు వాళ్లు వాణ్ని ఆర్కెస్ట్రా నుంచి తీసేసి ర్యాప్ గ్రూపులో వేశారు. వాడిని అడగలేదు, నన్నూ అడగలేదు. "ఇలాంటి పిల్లలకి ఇదే నప్పుతుంది" అన్నారు. ఆ గ్రూపులో అందరూ ఇలాంటి పిల్లలే. మీ క్లాసులో నోటేషన్ పక్కన పెట్టానని మొదటి లైన్లలోనే చదివినప్పుడు నాకు ఇంకేం కనిపిస్తుంది?

ఊరికేవచ్చా:
ఇది ముందే చెప్పుంటే అయిపోయేది కదండీ.

బీట్‌మాస్టారు:
మీ అబ్బాయికి జరిగింది అన్యాయం. నా దగ్గర అలా కాదు, క్లాసు మొత్తం ర్యాప్ చేస్తుంది. నోటేషన్ అడిగినవాళ్లకి నేర్పిస్తాను.

సరిగమ:
అడగాలంటే అలాంటిదొకటి ఉందని పిల్లాడికి ముందు తెలియాలి కదా?

హెడ్‌ఫోన్:
నాది దీనికి తలకిందులు. చుక్కలూ గీతలూ ముందు పెట్టి కదలకుండా కూర్చోబెట్టారు. నన్నూ ఎవరూ అడగలేదు. రెండు చోట్లా ఎంచుకున్నది పెద్దవాళ్లే.

బీట్‌మాస్టారు:
ఒప్పుకుంటా. వచ్చే టర్మ్ నుంచి వారంలో ఒక క్లాసు అందరికీ నోటేషన్. ర్యాప్ వదలను. నోటేషన్‌కి పరీక్ష మాత్రం పెట్టను.

సరిగమ:
ఎందుకు పెట్టరు? వీళ్లకి పరీక్ష వద్దనడం కూడా తక్కువ చేసి చూడటమే.

బీట్‌మాస్టారు:
"అందరికీ" అన్నాను మేడమ్. మళ్లీ చదవండి.