ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) వరకు ఓకే, గైనిక్ డాక్టర్ దగ్గరికెళ్లాలంటేనే భయం.. మీ అనుభవాలు చెప్పండి

నీలికలువ:
హెచ్‌ఐవీ మందులు మానకుండా వాడుతున్నా, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కూడా అన్‌డిటెక్టబుల్, అంటే టెస్టులో దొరకనంత తక్కువ వచ్చింది. ఏఆర్‌టీ సెంటర్లో అందరూ బాగానే మాట్లాడతారు, మిగతా చోట్లే బాధ. నెలసరి మధ్యలో బ్లీడింగ్ అవుతుంటే గైనిక్ దగ్గరికెళ్లా, ఫైల్ చూసిన ఆవిడ అందరికీ వినపడేట్టు "పాజిటివ్ కేసు మేడమ్" అని కేకేసింది, బయట బెంచీల మీద వాళ్లంతా నావైపే చూశారు. కనీసం పరీక్ష చెయ్యకుండా ఏవో మాత్రలు రాసి పంపేశారు. మళ్లీ వెళ్లాలంటే కాళ్లు రావట్లేదు.

సుధక్క:
చెల్లీ, బ్లీడింగ్ మాత్రం అస్సలు అశ్రద్ధ చెయ్యకు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రిస్క్ హెచ్‌ఐవీ లేని ఆడవాళ్లతో పోలిస్తే మనకి 6 రెట్లు, అందుకే 25 ఏళ్ల నుంచే 3 నుంచి 5 ఏళ్లకోసారి స్క్రీనింగ్ చేయించుకోమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది. ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ కోసం చేసే టెస్ట్‌కి శాంపిల్ మనమే తీసుకునే పద్ధతి ఉంది, సిగ్గూ భయం ఉన్నవాళ్లకి మంచిదే, కానీ నీకు బ్లీడింగ్ ఉంది కాబట్టి డాక్టర్ చూడాల్సిందే. మీ ఏఆర్‌టీ కౌన్సెలర్ని అడుగు, ఎవరు మర్యాదగా చూస్తారో వాళ్లకి తెలుస్తుంది, ముందే ఫోన్ చేసి చెప్పమను, నాకు అలాగే పని జరిగింది.

తెల్లకోటు:
నేను స్టాఫ్ నర్స్‌ని. అలా కేకెయ్యడం ముమ్మాటికీ తప్పండి. గ్లౌజులు, సూదుల జాగ్రత్తలు ప్రతి పేషెంట్‌కీ ఒకటే, ఎందుకంటే ఎవరికి ఏముందో వాళ్లకే తెలియకపోవచ్చు. విడిగా మంచం, ఫైల్ మీద ఎర్ర గుర్తు ఇవేవీ అక్కర్లేదు. పొరపాటున సూది గుచ్చుకున్నా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే, హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందులున్నాయి, అలాంటప్పుడు వైద్యం ఆపేంత భయం దేనికి?

వానచినుకు:
నన్ను డెలివరీకి చివరిదాకా ఆపారు, అందరివీ అయ్యాకే అన్నారు, నొప్పులు మన చేతిలో ఉంటాయా! బాబు నెగిటివ్. మందులు లేకపోతే బిడ్డకి సోకే రిస్క్ 15 నుంచి 45 శాతం, వాడితే 5 కంటే తక్కువ, కాబట్టి కడుపుతో ఉన్నవాళ్లు ఎవరేమన్నా మందులు ఆపకండి.

మిణుగురు:
అసలు చెప్పకుండా వెళ్తే గొడవే ఉండదుగా?

సుధక్క:
నీ బాధ అర్థమైందిగానీ, మందుల పేర్లన్నా డాక్టర్‌కి తెలియాలమ్మా. బ్లీడింగ్ అంటే ఐరన్ రాస్తారు, డొల్యూటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందుతో కలిపి ఖాళీ కడుపున వేసుకుంటే ఆ మందు సరిగ్గా ఒంటికి పట్టదు. ఐరన్‌కి 2 గంటల ముందో, వేసుకున్న 6 గంటల తర్వాతో డొల్యూటెగ్రావిర్ వేసుకోవాలి, లేదా రెండూ భోజనంతో. చెప్పాల్సింది డాక్టర్ ఒక్కరికే, తలుపు వేయించి చెప్పు, బెంచీల మీద వాళ్లకి కాదు.

నీలికలువ:
అక్కా నేను వాడేదీ అదే, ఐరన్ కూడా ఇచ్చారు, టైమింగ్ ఎవరూ చెప్పలేదు. కౌన్సెలర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.