అప్‌డేట్: కడప బ్రాడ్‌బ్యాండ్ బిల్లింగ్‌లో డేటా వాడకం ఇప్పుడు సరిగా నమోదవుతోంది

కడపలో మా బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు లాగిన్ అవుతున్నప్పటికీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వారి డేటా వాడకం సున్నాగానే కనిపిస్తోందని ఇంతకుముందు అడిగాను. ఆ సమస్య తీరింది.

రేడియస్ (చందాదారుల లాగిన్, వాడకం వివరాలను రౌటర్ సర్వర్‌కు పంపే విధానం) పద్ధతిలో లాగిన్ ధ్రువీకరణ యూడీపీ (నెట్‌వర్క్‌లో డేటా పంపే ఒక విధానం) 1812 పోర్టులోనూ, వాడకం లెక్కలు 1813లోనూ వెళ్తాయి కాబట్టి మొదటిది పనిచేసినంత మాత్రాన రెండోది పనిచేస్తున్నట్టు కాదని మీలో ఒకరు చెప్పిన మాటే దారి చూపింది. సర్వర్ వద్ద ప్యాకెట్లను పరిశీలించగా, 1813కు ఒక్కటి కూడా చేరడం లేదని, మధ్యనున్న ఫైర్‌వాల్ 1812ను మాత్రమే అనుమతిస్తోందని తేలింది. ఆ పోర్టును మా రౌటర్ చిరునామాకు మాత్రమే తెరిపించగానే లెక్కలు రావడం మొదలైంది. మధ్యంతర లెక్కల విరామాన్ని, అంటే కనెక్షన్ నడుస్తుండగా రౌటర్ వాడకం లెక్కను ఎంతసేపటికోసారి పంపాలన్న దాన్ని, 600 సెకన్లుగా ఉంచాము. అంతకన్నా తగ్గిస్తే సర్వర్‌పై అనవసరమైన భారం పడుతుందని నా అభిప్రాయం.

అయితే ఎక్కువగా వాడేవారి లెక్క 4 జీబీ దాటగానే మళ్లీ మొదటికి రావడం అప్పుడే గమనించాము. బైట్ల లెక్కింపు 32 బిట్లకే పరిమితం కావడంతో, ఎన్నిసార్లు నిండిందో తెలిపే గిగావర్డ్స్ విలువను కూడా బిల్లింగ్‌లో కలిపితేనే అసలు మొత్తం వస్తుంది. చందాదారుడు చెల్లించే డబ్బుకు సంబంధించిన విషయం కనుక దీన్ని తప్పక సరిచూడండి.

గడువు ముగిసిన కనెక్షన్ వెంటనే ఆగేందుకు సర్వర్ నుంచి రౌటర్ వైపు 3799 పోర్టు కూడా తెరిపించాము. సలహాలిచ్చిన అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.