నిమజ్జనం, మిలాద్ కలిసొస్తే ఊరేగింపు ఎవరు వాయిదా వేసుకోవాలి?

చార్మినార్_రూటు: 2023 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం జరిగే అనంత చతుర్దశి, ప్రవక్త జయంతి మిలాద్ ఒకే రోజు వచ్చాయి. మిలాద్ ఊరేగింపు అక్టోబరు 1కి జరిపారు. 2024లో మిలాద్ సెప్టెంబరు 16న, నిమజ్జనం 17న. ఊరేగింపు మళ్లీ 19కి పోయింది. ఇదే ఆనవాయితీ అయిపోవాలా?

తిథిలెక్క: ఆనవాయితీ ఎక్కడిదండీ? మిలాద్ నెలవంక మాసంలో పన్నెండో రోజు. నెలవంక అమావాస్య దాటాక కనబడుతుంది కాబట్టి అది త్రయోదశి, చతుర్దశుల దగ్గరే పడుతుంది. ముస్లింల హిజ్రీ క్యాలెండరుకు అధికమాసం లేదు. మనకు 2023 అధిక శ్రావణం తర్వాత 2026 అధిక జ్యేష్ఠం దాకా లేదు. అందుకే మూడేళ్లు వరసగా పక్కపక్కన వచ్చాయి. 2026లో విడిపోతాయి. మళ్లీ కలిసేది ముప్పై ఏళ్లు దాటాకే.

చార్మినార్_రూటు: మిలాద్ కాకపోతే మొహర్రం. 2016లో దసరా మర్నాడే రాలేదా? అయినా నిమజ్జనం మూడు, ఐదు, ఏడు, తొమ్మిదో రోజుల్లోనూ చేస్తారుగా. పెద్ద విగ్రహాలన్నీ చివరి రోజుకేనా?

గల్లీమాట: అసలు గొడవ డీజేలది.

తిథిలెక్క: మతపరమైన ఊరేగింపులన్నిట్లో డీజేలను 2024 అక్టోబరులోనే నిషేధించారు. ఆ సంగతి వదిలెయ్యండి.

సాగర్_క్రేన్: చివరి రోజు ఎలా ఉంటుందో చూసి మాట్లాడండి. బాలాపూర్ గణేశుడు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్ మీదుగా రావాలి. హుస్సేన్ సాగర్ క్రేన్ దగ్గర పూలు, బట్టలు తీసి, బెల్టు కట్టి, లేపి, నీళ్లలో కొక్కెం విడిపించేదాకా వెనకున్న లారీ కదలదు. మర్నాటిదాకా సాగుతుంది. ఒక్కరోజు ఎడం దేనికీ చాలదు. చార్మినార్–మదీనా రోడ్డు ఇద్దరికీ కావాలి, బందోబస్తుకు ఉన్న పోలీసులూ వాళ్లే.

చార్మినార్_రూటు: రోడ్డు చాలదని నాకూ తెలుసండీ! ఎన్నిసార్లు చెప్తారు? ప్రతిసారీ వెనక్కి తగ్గింది మిలాద్ వాళ్లే. మొదటిసారి మంచితనంతో ఊరేగింపు వెనక్కి జరిపారు. రెండోసారికి అందరూ వాళ్లే జరుపుతారని కూర్చున్నారు. నేను బాధపడేది అందుకు.

తిథిలెక్క: పండగ ఆ రోజే జరిగింది. కదిలింది ఊరేగింపొక్కటే.

చార్మినార్_రూటు: పూజ ఈ రోజు చేసుకుని ఊరేగింపు రెండ్రోజులాగి పెట్టుకోమంటే మీరు ఒప్పుకుంటారా?

సాగర్_క్రేన్: ఒప్పుకోం. ఉద్వాసన చెప్పాక విగ్రహాన్ని మండపంలో ఉంచరు. వేళ మాత్రం మార్చుకోవచ్చు. ఖైరతాబాద్ గణేశుడు పొద్దున్నే కదిలి మధ్యాహ్నానికల్లా నీళ్లలోకి వెళ్తున్నాడు. పాతబస్తీ మండపాలూ తెల్లారకముందే కదిలితే చార్మినార్ తొందరగా ఖాళీ అవుతుంది. మిలాద్ కమిటీలను అడిగినట్టే వీళ్లనూ ముందుగా కూర్చోబెట్టి అడగాలి. ఇంతవరకూ మనవాళ్లను ఆ మాట గట్టిగా అడగలేదు.