వడ్డాణం మీద గీతలు పోవడం లేదు, ఎవరైనా చెప్పండి

పాలకొల్లు కోడలు: పొద్దుట్నుంచి దీని ముందే కూర్చున్నా, ఓపిక అయిపోయింది. మా గోల్డ్ ప్లేటెడ్ వడ్డాణం ముందు బిళ్ళ మీద బోల్డు గీతలు పడ్డాయి, బీరువాలో గాజులతో కలిపి ఎవరు పెట్టారో గానీ అడిగితే ఇంట్లో ఒక్కరూ నోరు మెదపరు. వీడియోల్లో చెప్పినవన్నీ చేశా, కుంకుడు రసం, వంటసోడా, టూత్‌పేస్టు, గీత పోలేదు సరికదా ఒక పక్క రంగు వెలిసినట్టు కనపడుతోంది. ఆడబడుచు కూతురి ఓణీల ఫంక్షన్ దగ్గరకొచ్చేసింది. ఇంట్లో చేసుకునే చిట్కా ఏదైనా ఉంటే చెప్పండి, షాపుకెళ్ళమని మాత్రం అనకండి.

బెంచీ పని: టూత్‌పేస్టు ఆపండి. గీత లోపల ఏ రంగు కనపడుతోంది?

అంబాజీపేట అక్క: నిమ్మచెక్క, చింతపండు జోలికి మాత్రం పోకు చెల్లీ. పూత లేచిన చోట పులుపు తగిలితే కింద ఇత్తడిని పట్టేస్తుంది, ముత్యాలుంటే వాటి మెరుపూ పోతుంది. సబ్బునీళ్ళలో మెత్తని గుడ్డ ముంచి, బాగా పిండేసి తుడుచుకో, చాలు. గీతలకి నాకూ తెలీదు.

కోనసీమ రైతు: అసలు విషయం ఎవరూ మాట్లాడరేంటండీ. గిల్టు నగ నల్లబడిందంటే సగం నీళ్ళ వల్లే. మా మలికిపురం వైపు బోరు నీళ్ళు నోట్లో పోసుకోలేం ఆయ్, చుట్టూ రొయ్యల చెరువులు తవ్వేశాక ఇంకా ఉప్పెక్కిపోయాయి. ఆ నీళ్ళతో కడిగి ఆరబెడితే ఉప్పు నగ సందుల్లో ఉండిపోతుంది, చెమ్మ తగిలినప్పుడల్లా లోపలి లోహాన్ని తింటానే ఉంటుంది. పచ్చగా చిలుం పట్టేది అందుకే. చెరువులకి పర్మిషన్లు ఇచ్చేటప్పుడు ఊళ్ళో ఆడాళ్ళని ఒక్క మాట అడిగారా అని.

బెంచీ పని: ఆవిడ అడిగింది గీతల గురించి.

కోనసీమ రైతు: గీత పడ్డ చోటే కదండీ ఉప్పు దూరేది, సంబంధం లేదంటారేంటి.

రావులపాలెం బాబాయ్: ఇదంతా రోల్డ్ గోల్డే కదమ్మా. చిలకలపూడి సరుకు మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది, గుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు కలిసిపోయేవి, ఇంత హడావుడి లేదు. ఇప్పుడు ఒక గ్రాము బంగారం అని పేరు మార్చి అమ్ముతున్నారు, అంతే తేడా.

బెంచీ పని: అంతే తేడా కాదు బాబాయ్ గారూ. రోల్డ్ గోల్డ్ అంటే బంగారు రేకుని కింద లోహానికి వేడి మీద అతికించి, సాగదీసి చేసేది, పొర దళసరిగా ఉంటుంది కాబట్టి పైపై గీతకి కొంచెం పాలిష్ తట్టుకుంటుంది. ప్లేటింగ్ అంటే కరెంటుతో పట్టించే పూత, చవక రకాల్లో అర మైక్రాన్ కూడా ఉండదు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అటూ ఇటూ ఉంటుంది, దాంతో పోల్చుకోండి. టూత్‌పేస్టులో ఉండేది సన్నటి గరుకు పొడి, రుద్దితే ముందు లేచిపోయేది పూతే. ఆవిడకి రంగు వెలిసింది అందుకే.

రావులపాలెం బాబాయ్: మరి గ్రాము బంగారం అంటారే?

బెంచీ పని: పేరు చూసి ఒక గ్రాము ఉంటుందనుకోకండి. 100 చదరపు సెంటీమీటర్ల మీద ఒక మైక్రాన్ మందాన పూసినా పట్టే బంగారం 0.19 గ్రామే.

తణుకు ఇంజనీరు: ఆన్‌లైన్‌లో ప్లేటింగ్ కిట్లు వస్తున్నాయి, పెన్ను లాగా పూసుకోవడమే, ట్రై చెయ్యొచ్చు.

బెంచీ పని: అందులో ద్రావకం ఏంటో చదివారా? బంగారు పూతకి ఎక్కువగా వాడేది సయనైడ్ ద్రావకాలే. వంటగదిలో దాని మీద నిమ్మరసం లాంటి పులుపు పడితే విషవాయువు వస్తుంది. సయనైడ్ లేని రకం కొన్నా గీత పోదు, గీత మీదే పూత పడుతుంది, రంగు కూడా పక్కదాంతో కలవక మచ్చలా తెలుస్తుంది. అమ్మా, రంగు అడిగాను, మీరు చెప్పలేదు.

పాలకొల్లు కోడలు: తెల్లగా ఉందండీ. ఇప్పుడు తిప్పి చూస్తే వెనక కొక్కెం పక్కన 925 అని సన్నగా కొట్టి ఉంది.

బెంచీ పని: 925 అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి అని గుర్తు, అయితే కింద వెండి కావచ్చు. ఎర్రగా కనపడితే రాగి, పసుపుగా అయితే ఇత్తడి అనుకోవచ్చు. తెల్లగా ఉన్నా ఒకోసారి ఇత్తడి మీద వేసిన నికెల్ అయ్యుంటుంది, అందుకని షాపులో ఒకసారి టెస్ట్ చేయించండి. వెండి అయితే డబ్బు పెట్టొచ్చు. గీతల్ని వెండి వరకూ బఫింగ్ పట్టి సాపు చేసి, జిడ్డు లేకుండా కడిగి, వస్తువు మొత్తానికి మళ్ళీ పూత వేస్తారు. ఒక్క బిళ్ళకే వేయించొద్దు. వెండి మీద నేరుగా పూస్తే కొన్నాళ్ళకి వెండి పైకి పాకి నల్లబడుతుంది, మధ్యలో అడ్డుగా పల్లాడియం అనే లోహం పొర వేస్తారేమో అడగండి. నికెల్ వేసేవాళ్ళూ ఉన్నారు గానీ ఒంటికి పడనివాళ్ళకి దురద. ఎన్ని మైక్రాన్లో బిల్లు మీద రాయించుకోండి. రాళ్ళు ఉన్నాయా?

పాలకొల్లు కోడలు: బిళ్ళ నిండా కెంపులేనండీ, మధ్యలో నెమళ్ళు. చెప్పలేదా?

బెంచీ పని: లేదు. రాళ్ళ కింద మెరుపు రేకు గానీ జిగురు గానీ ఉంటే నీళ్ళలో ముంచకూడదు, తడి వెళ్తే రాయి నల్లగా కనపడుతుంది. కుంకుడు రసంలో నానబెట్టారా?

అంబాజీపేట అక్క: అయ్యో, నానబెట్టే ఉంటుంది పాపం.

పాలకొల్లు కోడలు: రాత్రంతా. ఒక నెమలి కన్ను దగ్గర మసగ్గా ఉంది, దీపం వెలుగనుకున్నా.

బెంచీ పని: ఆ రాళ్ళు తీసి, పూత అయ్యాక మళ్ళీ పొదిగించాలి. ఊళ్ళో కంసాలి గారు బఫింగ్, పొదుగు చేస్తారు గానీ ప్లేటింగ్ తొట్టి అందరి దగ్గరా ఉండదు, ఎలాగూ బయటికే పంపుతారు. వస్తువు ఇచ్చే ముందు రెండు వైపులా ఫోటో తీసుకుని బరువు రాయించుకోండి.

కోనసీమ రైతు: ఇంతకీ కడిగింది ఏ నీళ్ళతోనండీ, బోరా, కుళాయా?

పాలకొల్లు కోడలు: బోరేనండీ. సరే, రేపు తమ్ముడు రాజమండ్రి వెళ్తున్నాడు, ఇచ్చి పంపిస్తా. థాంక్స్ అందరికీ.

తణుకు ఇంజనీరు: కిట్లో సయనైడ్ లేనివి కూడా ఉన్నాయని నేనే చెప్పబోతున్నా, వినరే.

మండపేట అమ్మాయి: ఇక్కడే అడిగేస్తున్నా, మా పాప జడబిళ్ళల మీద పూత మొత్తం పోయింది, లోపల ఎర్రగా ఉంది. దానికి పూత వేయించడం దండగా?