సెంట్రల్ లైన్ పెట్టి వారం దాటాక ఇన్ఫెక్షన్: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న – స్టాఫ్ నర్స్, మెడికల్ ఐసీయూ
సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం, క్యాథెటర్) పెట్టేటప్పుడు క్యాప్, మాస్క్, స్టెరైల్ గౌను, ఒళ్లంతా కప్పే డ్రేప్, క్లోర్‌హెక్సిడిన్ (చర్మాన్ని శుభ్రపరిచే క్రిమినాశిని) అన్నీ పాటిస్తున్నాం. డ్రెస్సింగ్ శుభ్రంగానే ఉంటోంది. అయినా ఎనిమిదో తొమ్మిదో రోజుకి చలిజ్వరం, లైన్ నుంచి తీసిన రక్తం కల్చర్ (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) పాజిటివ్. ఇంకేం చూడాలి?

జవాబు – ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్
సిస్టర్, మొదటి వారంలో వచ్చేవి ఎక్కువగా చర్మం మీది క్రిములు క్యాథెటర్ బయటి గోడ వెంబడి లోపలికి పాకడం వల్ల. ఆ తర్వాత వాటికి ముఖ్యమైన దారి హబ్బులు (లైన్ బయటి చివర్లు), త్రీవేలు (గొట్టాలు కలిపే మూడు దారుల కుళాయిలు). ముందు త్రీవేలు చూడండి: మూత లేని పోర్ట్, మందిచ్చేటప్పుడు పరుపు మీద పెట్టి మళ్లీ బిగించిన మూత, మరల్లో ఎండిన రక్తం. తీసిన మూత మళ్లీ వాడొద్దు, కొత్తది పెట్టండి. అవసరం లేని త్రీవే తీసేయండి. సిరంజి తగిలించే ముందు ప్రతిసారీ కనెక్టర్ (లైన్ చివర సిరంజి తగిలించే ముక్క) పైభాగాన్ని, అంచుల్ని 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరేదాకా ఆగండి. హడావిడిలో ఈ ఆగడమే ఎగిరిపోతుంది. రక్తం తీశాక 10 మిల్లీలీటర్ల సెలైన్ ఆపి ఆపి తోయండి. అప్పటికీ కనెక్టర్‌లో ఎరుపు కనిపిస్తే మార్చేయండి.

జవాబు – ఐసీయూ ఇన్‌ఛార్జ్ సిస్టర్
ఐవీ సెట్ల (మందు, ఫ్లూయిడ్ ఎక్కించే గొట్టాల) మీద తేదీ, టైమ్ రాస్తున్నారా? మత్తుమందు ప్రొపోఫాల్‌లో ఉండే కొవ్వులో క్రిములు తేలిగ్గా పెరుగుతాయి, అందుకే ఆ సెట్ 12 గంటలకి మించి ఉంచకూడదు. రక్తం ఎక్కించే సెట్లు, కొవ్వు ఉన్న టీపీఎన్ (సిర ద్వారా ఇచ్చే పోషకాహారం) సెట్లు 24 గంటల్లోపే మార్చాలి. ఆగకుండా నడిచే మామూలు ఫ్లూయిడ్ సెట్‌ని 96 గంటలకంటే ముందు ముట్టుకోనక్కర్లేదు. ఊరికే విప్పితే అదో కొత్త దారి.
డ్రెస్సింగ్ పారదర్శకమైతే 7 రోజులు, గాజ్ అయితే 2 రోజులు. చెమటకి అంచు లేచిందంటే పైన ప్లాస్టర్ అతికించొద్దు, వెంటనే మొత్తం మార్చండి. క్లోర్‌హెక్సిడిన్ పూర్తిగా ఆరకముందే అతికిస్తే అది నిలవదు, చర్మమూ పాడవుతుంది.

జవాబు – ఇంటెన్సివిస్ట్
కల్చర్ లైన్ నుంచి ఒక్కటే తీస్తే హబ్‌లో ఉన్న క్రిమి కూడా రక్తంలో ఉన్నట్టే కనిపిస్తుందమ్మా. పాత కనెక్టర్ తీసేసి లైన్ నుంచి ఒకటి, అదే సమయంలో చేతి సిర నుంచి ఒకటి, సమాన పరిమాణంలో పంపండి. రెంటిలో అదే క్రిమి పెరిగి, లైన్ సీసా చేతి సీసా కంటే కనీసం 2 గంటలు ముందు పాజిటివ్ అయితే అప్పుడు లైన్‌ని అనుమానించాలి. ఎమర్జెన్సీలో శుభ్రత కుదరక తొడలో వేసిన లైన్ 48 గంటల్లోపు మార్చాలి. మిగతావి తేదీ చూసి మార్చే పని లేదు. అయితే రోజూ రౌండ్స్‌లో "ఈ లైన్ ఈరోజు ఎందుకు కావాలి?" అని మమ్మల్ని అడగండి. జవాబు రాకపోతే తీసేయమని పట్టుబట్టండి.