డెల్ ఆప్టిప్లెక్స్ 7050 ఎస్‌ఎఫ్‌ఎఫ్: ముందు ర్యామా, ఎస్‌ఎస్‌డీయా, గ్రాఫిక్స్ కార్డా?

ప్రశ్న

సెకండ్ హ్యాండ్ డెల్ ఆప్టిప్లెక్స్ 7050 ఉంది, సన్నగా ఉండే ఎస్‌ఎఫ్‌ఎఫ్ మోడల్. ఐ5-7500, 8 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఫొటోషాప్‌లో పెళ్లి ఆల్బమ్ షీట్లు చేయాలి. 12×36 షీటు 300 డీపీఐలో తెరిచి నాలుగు ఫొటోలు పెట్టేసరికి సిస్టమ్ బిగుసుకుపోతోంది. ఒకరు ఐ7 వేయించమంటున్నారు, ఇంకొకరు గ్రాఫిక్స్ కార్డ్ అంటున్నారు. ముందు దేని మీద డబ్బు పెట్టాలి? ఈ చిన్న డబ్బాలో ఏవి పడతాయి?

జవాబు

రెండూ ఇప్పుడు వద్దండి. ఒక లెక్క చూడండి. 12×36 అంగుళాలు 300 డీపీఐలో అంటే 3600×10800 పిక్సెళ్లు. 8 బిట్ ఆర్‌జీబీలో ఖాళీ షీటే 111 ఎంబీ. దాని మీద నిండుగా పరుచుకున్న ప్రతి లేయరూ దాదాపు అంతే తింటుంది. పైన మాస్కులు, స్మార్ట్ ఆబ్జెక్టులు, హిస్టరీ. 8 జీబీలో విండోస్, బ్రౌజర్ పోను మిగిలింది చాలక ఫొటోషాప్ స్క్రాచ్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే తాత్కాలిక చోటు) కోసం హార్డ్ డిస్క్ మీద పడుతుంది. మీరు చూస్తున్న బిగుసుకుపోవడం అదే. అనుమానం ఉంటే షీటు తెరిచి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి: డిస్క్ 100 శాతం దగ్గర నిలిచి, సీపీయూ ఖాళీగా కనిపిస్తే ఐ7 వేసినా ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ముందు ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా గుచ్చే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ, వెంటనే ర్యామ్. కార్డ్ సంగతి ఆ తర్వాత.

ఎస్‌ఎస్‌డీ: బోర్డు మీద ఎం.2 2280 (22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు డ్రైవ్ పట్టే) స్లాట్ ఉంది. ఎన్‌వీఎంఈ అని రాసి ఉన్నదే తీసుకోండి. జెన్ 4 (ఇంకా వేగమైన కొత్త తరం) డ్రైవ్ కూడా పనిచేస్తుంది, కాకపోతే బోర్డు జెన్ 3 కాబట్టి సెకనుకు సుమారు 3,500 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. జెన్ 4 కోసం ఎక్కువ పెట్టడం దండగ. 1 టీబీ అయితే స్క్రాచ్‌కి కూడా చోటుంటుంది. రీఫర్బిష్డ్ మెషిన్లలో ఎం.2 బిగించే బుల్లి స్క్రూ తరచూ ఉండదు. డ్రైవ్ కొనే చోటే అడిగి తీసుకోండి, లేకపోతే ఆ ఒక్క స్క్రూ కోసం మళ్లీ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా తిరగాలి. స్క్రూ లేకుండా వదిలేస్తే డ్రైవ్ పైకి లేచి ఉంటుంది, కాంటాక్ట్ సరిగ్గా కుదరదు.

విప్పేటప్పుడు: పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టండి. మూత, ముందు బెజెల్, హార్డ్ డిస్క్, ఆ తర్వాత డిస్క్, డీవీడీ కూర్చునే కేజ్ లేపాలి. ర్యామ్, ఎం.2 స్లాట్లు దాని కిందే. తిరిగి పెట్టేటప్పుడు కేజ్ కింద సాటా కేబుల్ (డిస్క్‌ని బోర్డుకి కలిపేది) నలగకుండా చూసుకోండి.

మరో జవాబు, ర్యామ్ గురించి

షాపులో "7050కి ర్యామ్" అని మాత్రమే అడగొద్దు. ఇదే నంబర్‌తో మైక్రో మోడల్ కూడా ఉంది, దానికి ల్యాప్‌టాప్ ర్యామ్ పడుతుంది. మీది ఎస్‌ఎఫ్‌ఎఫ్ కాబట్టి పొడవు స్టిక్, డీడీఆర్4 యూడిమ్, 288 పిన్. చవగ్గా దొరికే సర్వర్ ర్యామ్, అంటే రిజిస్టర్డ్ రకం, ఇందులో పనిచేయదు. 2666 గానీ 3200 గానీ వేసినా ఐ5-7500తో 2400కే దిగి నడుస్తుంది.

నాలుగు స్లాట్లున్నాయి, గరిష్ఠం 64 జీబీ. ఉన్న 8 జీబీ పారేయక్కర్లేదు. పక్కన 16 జీబీ వేస్తే 24 అవుతుంది: అందులో 16 డ్యూయల్ ఛానల్‌లో (రెండు దారుల్లో ఒకేసారి, వేగంగా), మిగతా 8 సింగిల్‌లో నడుస్తుంది. మీ పనికి ఇది చాలు. బడ్జెట్ ఉంటే రెండు 16లు. బోర్డు మీద రాసిన డిమ్1, డిమ్2 ముందు నింపండి. తర్వాత బయాస్‌లో (ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కితే వచ్చే సెట్టింగుల తెర) సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కింద మెమరీ ఛానల్ మోడ్ డ్యూయల్ అని ఉందో లేదో చూడండి.

ఆన్ చేయగానే తెర రాకుండా పవర్ బటన్ లైటు నారింజ, తెలుపు మెరిస్తే ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. భయపడక్కర్లేదు, స్టిక్ తీసి రెండు చివర్లా టక్ మనే దాకా నొక్కండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. ర్యామ్ 24 చూపిస్తోంది. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీకి కాపీ (క్లోన్) చేశాక మాత్రం బ్లూ స్క్రీన్, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తోంది. ఎన్‌వీఎంఈకి ఏహెచ్‌సీఐ (డిస్కులను నడిపే మోడ్) పెట్టాలని ఎవరో అంటే బయాస్‌లో మార్చాను. డ్రైవ్ పాడైనట్టా?

జవాబు

డ్రైవ్ బాగానే ఉంది. మార్పే దెబ్బకొట్టింది. డెల్ ఫ్యాక్టరీ నుంచి సాటా ఆపరేషన్ అనే ఆ సెట్టింగ్‌ని రెయిడ్ ఆన్ అనే ఇంకో మోడ్‌లో పెట్టి పంపుతుంది. పాత విండోస్ ఆ డ్రైవర్‌తో బూట్ అవడానికి అలవాటుపడి ఉంది. హఠాత్తుగా ఏహెచ్‌సీఐ చేస్తే బూట్ సమయంలో సరైన డ్రైవర్ లోడ్ కాదు.

ఎఫ్2 నొక్కి మళ్లీ రెయిడ్ ఆన్ చేయండి, విండోస్ లేస్తుంది. విండోస్‌కి అలాగే వదిలేసినా నష్టం లేదు. లైనక్స్ వేసే ఆలోచన ఉంటే మాత్రం ఏహెచ్‌సీఐ కావాలి, లేకపోతే ఇన్‌స్టాలర్‌కి ఎన్‌వీఎంఈ కనిపించదు. మార్చే పద్ధతి ఇది: బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఉంటే సస్పెండ్ చేసి, రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో నేరుగా ఎఫ్2కి వెళ్లి ఏహెచ్‌సీఐ చేయండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసి రీస్టార్ట్ చేస్తే చాలు. పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి అసలు పాస్‌వర్డ్ ముందే గుర్తు తెచ్చుకోండి.

ఇంకో సంగతి, క్లోన్ తర్వాత మొదటి బూట్‌కి పాత హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకి ఉంచండి. కొత్తగా విండోస్ ఇన్‌స్టాల్ చేసినా ఇదే మాట. పాత డిస్క్ తగిలించి ఉంటే బూట్ ఫైళ్లు దాని మీదే పడొచ్చు. ఆ తర్వాత దాన్ని తీసిన రోజు సిస్టమ్ లేవదు.

మరో జవాబు

పై దానికి తోక. ఈ మెషిన్లు 2017 కాలానివి. బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే బయాస్ డీఫాల్ట్‌కి పోయి, మీరు ఏహెచ్‌సీఐ పెట్టుకున్నా తిరిగి రెయిడ్ ఆన్ అవుతుంది. మళ్లీ అదే బ్లూ స్క్రీన్. తారీఖు తప్పు చూపిస్తోందంటే అదే గుర్తు. ఎలాగూ మూత తీశారు కాబట్టి సెల్ మార్చేయండి.

ప్రశ్న అడిగినవారు

రెయిడ్ ఆన్ చేశాక లేచింది. షీట్లు ఇప్పుడు ఆగకుండా తెరుచుకుంటున్నాయి. చిన్న వీడియో హైలైట్స్ కూడా చేయాలని ఉంది, ఏ కార్డ్ పడుతుంది?

జవాబు

పవర్ సప్లై 180 వాట్లు, గ్రాఫిక్స్ కార్డుకి విడిగా ఇచ్చే 6 పిన్ వైరు లేదు. కార్డ్ మొత్తం స్లాట్ నుంచే తీసుకోవాలి. మామూలు ఏటీఎక్స్ సప్లై ఇందులో పట్టదు, కనెక్టర్లూ వేరు. సాటా నుంచి 6 పిన్‌కి మార్చే అడాప్టర్ జోలికి పోవద్దు: సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర 54 వాట్లకు మించి మోయదు, పైగా ఇందులో సాటా పవర్ బోర్డు గుండా వస్తుంది. కాలితే బోర్డే పోతుంది.

కార్డ్ లో ప్రొఫైల్ (పొట్టిది), ఒకే స్లాట్ మందం, 50 వాట్ల లోపు ఉండాలి. ఎన్‌విడియా టీ600 (40 వాట్లు) గానీ టీ1000 (50 వాట్లు) గానీ సరిపోతాయి. రెండింటికీ మినీ డిస్‌ప్లేపోర్ట్లే, కాబట్టి అడాప్టర్ వస్తోందా, పొట్టి బ్రాకెట్ ఉందా అని అడగండి. ఆర్‌ఎక్స్ 6400 మాత్రం మీకు వద్దు. అది నాలుగు లేన్లతోనే (డేటా దారులతోనే) నడుస్తుంది, జెన్ 3 బోర్డులో ఇంకా కుంటుతుంది, అందులో వీడియో ఎన్‌కోడర్ (పూర్తయిన వీడియోని వేగంగా ఫైల్‌గా మార్చే భాగం) కూడా లేదు. జీటీ 1030 కొంటే మీ ప్రాసెసర్‌లోనే ఉన్న హెచ్‌డీ 630 గ్రాఫిక్స్ మీద పెద్ద లాభం కనిపించదు.

ఐ7-7700కి తర్వాత వెళ్లొచ్చు, అదీ 65 వాట్లే. 'కె' రకం వద్దు, ఆ వేడిని కూలర్ తట్టుకోలేదు. 8వ తరం ప్రాసెసర్ సాకెట్ పేరు ఒకటే అయినా ఈ బోర్డులో నడవదు. అందుకే విండోస్ 11కి అధికారికంగా దారి లేదు. విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. ఆ ఐ7 డబ్బు తర్వాతి మెషిన్‌కి దాచుకోవడమే నయమని నా అభిప్రాయం. ఎన్‌వీఎంఈ, టీ600 రెండూ అందులోకి మారతాయి. ర్యామ్ అయితే అదీ డీడీఆర్4 అయితేనే.